పార్టులు మార్చాక కూడా కారు వణుకుతోందా? మళ్లీ డబ్బులు పెట్టే ముందు ఇలా చూసుకోండి

ఒడిశాలోని జయపురం నుంచి విజయనగరం వైపు దిగేవాళ్లకి సుంకి ఘాటీ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కొరాపుట్ 870 మీటర్ల ఎత్తున ఉంటే, సాలూరు 120 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ దిగుడంతా బ్రేకుల మీదే. కిందటేడు నా కారుకి లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచేవి), లింకు రాడ్లు, ముందు డిస్కులు, ప్యాడ్లు ఒకేసారి మార్పించాను. రెండు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఘాటీలో బ్రేకు నొక్కినప్పుడల్లా స్టీరింగు గజగజలాడడం మొదలైంది. గ్యారేజీవాళ్లు డిస్కులు మళ్లీ మార్చారు. మూడో నెలకి మళ్లీ అదే వణుకు. చివరికి సాలూరులో (లారీల ఊరు, అక్కడ చేయి తిరిగిన మేస్త్రీలకి కొదవలేదు) ఒక పెద్దాయన చక్రం విప్పి, డిస్కు తీసి పక్కన పెట్టి, వెనకున్న హబ్బు (డిస్కూ చక్రమూ కూర్చునే ఇనుప పీట) మీద స్క్రూడ్రైవరుతో గీకాడు. తుప్పు పెళ్లలు పెళ్లలుగా రాలింది. "పీట ఒంకరుంటే పెళ్లికొడుకుని మారిస్తే ఏటవుద్ది బాబూ?" అన్నాడు.

కొత్త పార్టు పాడైందని అనుకునే ముందు, అది కూర్చున్న చోటుని, బిగించిన పద్ధతిని అనుమానించాలి.

ముందు, వణుకు ఎప్పుడొస్తోందో పట్టుకోండి

పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, జయపురం–బొరిగుమ్మ లాంటి సమమైన దారిలో బండి తీయండి. బ్రేకు ముట్టుకోకుండా నెమ్మదిగా 80, 90 వరకు వెళ్లండి. ఆ వేగంలో వణికి, తగ్గించగానే ఆగిపోతే అది బ్రేకు గొడవ కాదు. టైరు, రిమ్ము, బ్యాలెన్సింగ్ చూడాలి. బ్రేకు నొక్కితేనే వస్తే డిస్కో, డ్రమ్మో. యాక్సిలరేటరు తొక్కితేనే వస్తే డ్రైవ్ షాఫ్టు లోపలి జాయింటో, ఇంజిన్ మౌంటింగో. గుంతల్లో టక్కుటక్కుమనే శబ్దం మాత్రమే ఉంటే లింకు రాడ్లు, బుష్‌లు, షాకబ్జర్ పైనుండే మౌంటు.

ఎక్కడ తెలుస్తోందన్నది కూడా చూడండి. స్టీరింగులో తెలిస్తే చాలావరకు ముందు చక్రాలు. సీటులో, నడుం కింద తెలిస్తే వెనకవి. వెనక డ్రమ్ములున్న బండికి ఒక పరీక్ష ఉంది. ఎవరూ లేని తిన్నని రోడ్డు మీద 30లో వెళ్తూ, హ్యాండ్‌బ్రేకు బటన్ నొక్కిపట్టుకునే కొద్దికొద్దిగా లాగండి. అప్పుడూ వణికితే వెనక డ్రమ్ము గుండ్రం తప్పింది. తడి రోడ్డు మీద, మలుపుల్లో ఈ పని వద్దు. గులకరాళ్ల మీద గట్టిగా బ్రేకు వేస్తే పెడల్ దడదడలాడడం ఏబీఎస్ (చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) పనిచేస్తోందనడానికి గుర్తే, దానికి కంగారు పడకండి.

ఖర్చు లేనివి ముందు

వానాకాలంలో మన ఎర్రమట్టి రిమ్ము లోపలి వైపు ముద్దలా పట్టి, ఎండి, గట్టిపడుతుంది. 80లో వణకడానికి అదొక్కటి చాలు. బ్యాలెన్సింగ్‌కి వెళ్లే ముందే నీళ్ల పైపు పెట్టి లోపలి వైపు కడగండి. అది చూడకుండా నేనొకసారి బ్యాలెన్సింగ్‌కి డబ్బులిచ్చి, వారానికి మట్టి రాలిపోయాక మళ్లీ ఇచ్చాను. టైరు పక్కన ఎక్కడైనా బుడిపె లేచిందేమో కూడా చెయ్యిపెట్టి తడమండి. బుడిపె ఉన్న టైరుతో ఘాటీ దిగకండి.

తర్వాత జాకీ. బండి సమమైన నేల మీద ఉండాలి, కిందున్న చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరొద్దు. లేపిన చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు తెలిస్తే ఇంకొకరిని బ్రేకు నొక్కి పట్టమనండి. లూజు పోతే బేరింగు, పోకపోతే బాల్ జాయింటు. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడే ఆడితే టై రాడ్ ఎండ్ చూడాలి.

అసలు చోటు: హబ్బు

డిస్కు కూర్చునే హబ్బు ముఖం మీద తుప్పు ఉంటే, కొత్త డిస్కు వెంట్రుకవాసి ఒంకరగా కూర్చుంటుంది. హబ్బు దగ్గర 0.05 మిల్లీమీటర్ల తేడా డిస్కు అంచుకి వెళ్లేసరికి దాదాపు రెట్టింపవుతుంది. ఇంత చిన్న ఒంకర వెంటనే చేతికి తెలియదు. కానీ చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ ఒక్కచోటే ప్యాడ్‌కి తగిలి, తగిలి, అక్కడ డిస్కు పలచబడుతుంది. కొన్నివేల కిలోమీటర్లకి ఆ మందం తేడా పెడల్‌ని తన్నడం మొదలెడుతుంది. అందుకే మార్చిన కొత్తలో బాగుండి, నెలల తర్వాత వణికితే హబ్బునే ముందు అనుమానించండి.

మీరు దగ్గరుండి చేయించాల్సింది ఇది. డిస్కు తీయించి, హబ్బు ముఖాన్ని వైరు బ్రష్షుతో, ఎమెరీ పేపరుతో లోహం మెరిసేదాకా రుద్దించండి. బోల్టుల మొదళ్ల చుట్టూ మరీ జాగ్రత్తగా, తుప్పు దాక్కునేది అక్కడే. డిస్కు లోపలి ముఖం కూడా తుడవాలి. పెట్టాక నట్లు బిగించి డయల్ గేజ్ ఆనించి డిస్కు తిప్పితే ముల్లు ఎంత ఊగుతోందో కనిపిస్తుంది. చాలా కార్లకి 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల లోపే ఒప్పుకుంటారు. మీ బండి కొలత మాన్యువల్లో ఉంటుంది. గేజ్ లేని గ్యారేజీలో డిస్కులు మళ్లీ మార్చమంటే, గేజ్ ఉన్నచోటికి వెళ్లడం మేలు. పాత డిస్కుకి లేతు పట్టిస్తామంటే (మిషను మీద పైపొర చెక్కించి సమం చేయడం), దాని మీద ముద్రించిన కనీస మందం చూసి ఒప్పుకోండి.

డిస్కు తీసినప్పుడే, ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ పిన్నులు చేత్తో జారుతున్నాయో లేదో చూడండి. పిన్ను పట్టేస్తే ప్యాడ్ వదలదు, ఆ చక్రం ఒక్కటే కాలుతుంది, వాసన వస్తుంది.

బిగింపు

చక్రం నట్లని ఎదురెదురుగా, రెండు మూడు దఫాల్లో బిగించాలి. పానా మీద ఎక్కి తొక్కితే, గాలి గన్‌తో కొట్టేస్తే డిస్కు ఒంకరపోవచ్చు. చిన్న కార్లకి ఈ బిగింపు బలం సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్‌మీటర్ల మధ్య ఉంటుంది, దాన్ని కొలిచి బిగించే టార్క్ రెంచ్ వాడమని అడగండి.

లోయర్ ఆర్మ్ బుష్ బోల్టుల్ని చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగించేస్తారు చాలామంది. బండి కిందికి దిగగానే రబ్బరు మెలితిరిగి, అలాగే ఉండిపోయి, తొందరగా చిరిగిపోతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు ఇవ్వాలి. ఆ తర్వాతే అలైన్‌మెంట్. అలైన్‌మెంట్ తప్పితే బండి పక్కకి లాగుతుంది, టైర్లు అరుగుతాయి. వణుకు మాత్రం సాధారణంగా దానివల్ల రాదు.

కొత్త ప్యాడ్లతో ఘాటీ

వేసిన రోజే దిగకండి. ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 15కి మెల్లగా తగ్గించడం, కాసేపు చల్లారనివ్వడం, మళ్లీ తగ్గించడం, అలా ఎనిమిది, పదిసార్లు. మధ్యలో పూర్తిగా ఆపకూడదు. మొదటి 200 కిలోమీటర్లు గట్టి బ్రేకులకి పోవద్దు. ఘాటీ దిగేటప్పుడు రెండో గేరులోనే ఉంచి, నొక్కి వదులుతూ దిగండి. కింద టీకి ఆగితే బ్రేకు తొక్కిపట్టుకుని కూర్చోకండి, కాలిన డిస్కు మీద ప్యాడ్ ముద్ర పడిపోతుంది. గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డం వేసి, నిదానంగా టీ తాగండి.