సి భాష స్వయంబోధిని – 19వ పాఠం: యూనియన్, రెండు కిలోల పంచదార

పోయిన పాఠంలో కిరాణా కొట్టు బిల్లు కోసం ఒక స్ట్రక్చర్ రాసుకున్నాం. అందులో సరుకు పేరు, ధర, పరిమాణం ఉన్నాయి. చివర్లో ఒక చిక్కు మిగిలిపోయింది. సబ్బులను లెక్కన అమ్ముతారు, పంచదారను తూకాన అమ్ముతారు. మొదటిదానికి పూర్ణసంఖ్యను దాచే ఇంట్ కావాలి, రెండోదానికి దశాంశ సంఖ్యను దాచే ఫ్లోట్ కావాలి. రెండింటినీ స్ట్రక్చర్‌లో పెడితే ప్రతి సరుకుకూ ఒకటి ఖాళీగా పడి ఉంటుంది. యూనియన్ పనికొచ్చేది ఇక్కడే.

రాసే తీరులో కొత్తేమీ లేదు. స్ట్రక్ట్ అని రాసే చోట యూనియన్ అని రాయండి. ఫ్లవర్ బ్రాకెట్లు, చివర సెమీకోలన్, సభ్యుణ్ణి అందుకోవడానికి డాట్, పాయింటర్ అయితే యారో, అన్నీ పాతవే. తేడా అంతా మెమరీలో ఉంది. స్ట్రక్చర్‌లో ఎవరి గది వారిది. యూనియన్‌లో అందరికీ ఒకటే గది, ఒకటే చిరునామా. 'లెక్క' అనే ఇంట్, 'తూకం' అనే ఫ్లోట్ ఉన్న యూనియన్‌ను సైజాఫ్‌తో కొలిస్తే మన కంప్యూటర్లలో 4 బైట్లు వస్తుంది. అదే స్ట్రక్చర్ అయితే 8.

యూనియన్ సైజు అంటే అతి పెద్ద సభ్యుడి సైజు అని బట్టీ పట్టకండి. ఐదు చార్‌ల (ఒక్కోటి ఒక బైటు) అర్రే, అంటే వరుస, ఒకటి చేర్చి మళ్లీ కొలవండి. 5 రాదు, 8 వస్తుంది. ఇంట్‌కు నాలుగుతో భాగింపబడే చిరునామా కావాలి. ఇలాంటి యూనియన్లను అర్రేగా పేర్చినప్పుడు రెండోదానిలోని ఇంట్‌కు కూడా అలాంటి చోటే దొరకాలి కాబట్టి, కంపైలర్ చివర 3 బైట్లు ఊరికే వదిలేస్తుంది.

ఇక అసలు సంగతి. తూకంలో 2.0 పెట్టి, వెంటనే లెక్కను ప్రింట్ చేయండి. 2 వస్తుందని ఎదురుచూస్తారు. తెర మీద కనబడేది 1073741824. రెండు కిలోల పంచదార కాస్తా నూట ఏడు కోట్లకు పైగా సబ్బులైపోయింది!

చెత్త విలువ అని తోసిపారేయకండి, ఇందులో చెత్త ఏమీ లేదు. 4 బైట్లంటే 32 బిట్లు, అంటే 0 గానీ 1 గానీ పట్టే 32 చోట్లు. కాగితం తీసుకుని బిట్‌కొకటి చొప్పున 32 గళ్లు గీయండి. ఫ్లోట్‌లో మొదటి గడి గుర్తుకు, తర్వాతి 8 గళ్లు ఘాతానికి, మిగిలిన 23 భిన్నానికి. 2.0 ధన సంఖ్య కాబట్టి మొదటి గడిలో 0. అది రెండు ఒకటో ఘాతం. ఘాతానికి 127 కలిపి దాచడం ఆనవాయితీ కాబట్టి 128, అంటే 10000000. భిన్నమంతా సున్నాలే. 32 గళ్లలో ఒకే ఒక్క 1 ఉంది, అదీ రెండో గడిలో. ఆ గళ్లనే ఇంట్‌గా చదివితే రెండు 30వ ఘాతం, అంటే సరిగ్గా 1073741824. ఫ్లోట్‌ను మామూలుగా ఇంట్‌లో వేస్తే కంపైలర్ విలువను మార్చి ఇస్తుంది. యూనియన్ ఏదీ మార్చదు, ఉన్న బిట్లను ఉన్నట్టే చూపిస్తుంది. సి ఇలా చదవడాన్ని అనుమతిస్తుంది. సి++ మాత్రం ఒప్పుకోదు.

దీనికి తిరగబడిన తప్పు ఇంకా ప్రమాదం. లెక్కలో 2 పెట్టి తూకాన్ని ప్రింట్ చేస్తే 0.000000 వస్తుంది. నిజానికి అది సున్నా కాదు, దశాంశ బిందువు తర్వాత 44 సున్నాలు దాటాక మొదలయ్యే అతి చిన్న సంఖ్య. నేను రాసిన తొలి బిల్లు ప్రోగ్రాంలో సబ్బులన్నీ ఉచితంగా వెళ్లిపోయాయి. వందకోట్ల అంకె కనబడి ఉంటే ఆ రోజే పట్టుకునేవాణ్ణి. సున్నా మర్యాదగా కూర్చోవడంతో రెండు రోజులు పట్టింది.

తన గదిలో ఎవరున్నారో యూనియన్‌కు తెలియదు. అది మనమే రాసిపెట్టుకోవాలి. ఈనమ్‌తో (సంఖ్యలకు పేర్లు పెట్టుకునే రకం) 'లెక్కరకం', 'తూకంరకం' అని రెండు పేర్లు పెట్టండి. స్ట్రక్చర్‌లో ఆ రకాన్నీ, దాని పక్కనే యూనియన్‌నూ ఉంచండి. చదివే ప్రతిచోటా ముందు రకాన్ని స్విచ్‌తో చూసి, ఆ తర్వాతే సభ్యుణ్ణి ముట్టుకోండి. విలువ పెట్టడానికి మాత్రం ఒక్కో రకానికి ఒక చిన్న ఫంక్షన్ రాసి, రకమూ విలువా రెండూ అందులోనే మార్చండి. నా సబ్బులు పోయింది ఇక్కడే: విలువ మార్చాను, రకం మార్చడం మరిచాను. సి11 (సి భాష 2011 ప్రమాణం) నుంచి లోపలి యూనియన్‌కు పేరు పెట్టనక్కర్లేదు, సరుకు పేరు తర్వాత నేరుగా డాట్ పెట్టి తూకం అని రాయవచ్చు. నాకైతే ఇదే హాయి.

ఇంకొక చిన్న గొయ్యి. ప్రకటించేటప్పుడే ఫ్లవర్ బ్రాకెట్లలో ఇచ్చే విలువ మొదటి సభ్యుడికే చెందుతుంది. మొదట లెక్క ఉండగా 2.5 అని ఇస్తే అరకిలో అక్కడే ఎగిరిపోయి 2 మిగులుతుంది. సి99 (1999 ప్రమాణం) నుంచి డాట్, సభ్యుడి పేరు, సమానం గుర్తు పెట్టి ఎవరికిస్తున్నామో చెప్పవచ్చు.

వచ్చే పాఠంలోపు ఒక పని చేయండి. తూకంలో 1.0 పెట్టి లెక్కను చదివితే 1065353216 వస్తుంది. 2.0కు ఒక్క 1తో సరిపోయింది కదా, దీనికి ఏడు ఎందుకు కావాలో గళ్ల కాగితం మీద వేసి చూడండి.