మేపుల్ క్రీమ్ బిగుసుకోవడం లేదా? ముందు సీసాను వెనక్కి తిప్పండి

సమస్య: మేపుల్ క్రీమ్ అంటే మేపుల్ చెట్టు రసంతో చేసిన సిరప్‌ను మళ్లీ కాచి, చల్లార్చి, కలిపి వెన్నలా బిగించినది. మీరూ సిరప్‌ను కాచారు, చల్లార్చారు, చెయ్యి నొప్పి పుట్టేదాకా కలిపారు. అయినా వెన్నలా మారకుండా చెంచా నుంచి తేనెలా జారుతూనే ఉంది.

ఈ మాటతో వచ్చిన ప్రతివారినీ నేను మొదట అడిగేది ఒక్కటే: సీసా వెనక పదార్థాల పట్టిక చదివారా? పదిమందిలో ఇద్దరు కూడా చదివి ఉండరు. అసలు మేపుల్ సిరప్ అయితే అక్కడ ఒకే పేరు ఉంటుంది. కార్న్ సిరప్, కారమెల్ రంగు, సెల్యులోజ్ గమ్ కనిపిస్తే అది పాన్‌కేక్ సిరప్, అంటే మేపుల్‌ను అనుకరించే సిరప్. క్రీము బిగుసుకునేది అందులో చక్కెర సన్నని స్ఫటికాలు కట్టడం వల్లే. చక్కెర స్ఫటికాలు కట్టకుండా అడ్డుపడటం కార్న్ సిరప్ గుణం. మిఠాయి చేసేవాళ్లు దాన్ని కలిపేదే అందుకు. దానితో క్రీమ్ చేయాలనుకోవడం వృథా ప్రయాస.

వాసన చూసి నిర్ణయించుకోవద్దు. మన మెంతుల్లో ఉండే సోటోలోన్ అనే పదార్థానికి అచ్చం మేపుల్ వాసనే. అందుకే కృత్రిమ మేపుల్ పరిమళాల తయారీలో మెంతుల సారం వాడతారు.

పట్టిక సరిగ్గా ఉంటే థర్మామీటరు చూడండి. క్రీముకు పాకం నీరు మరిగే వేడికన్నా 12–13 డిగ్రీల సెల్సియస్ పైకి చేరాలి. 112 అని గుడ్డిగా పెట్టుకోకండి. డెన్వర్ లాంటి ఎత్తైన ఊళ్లో నీరు దాదాపు 95 దగ్గరే మరుగుతుంది. ఆ రోజు మీ పొయ్యి మీద నీళ్లు ఎంతకు మరిగాయో చూసి లెక్క మొదలుపెట్టండి. తరువాత గిన్నెను ఐసునీళ్లలో పెట్టి, కదపకుండా 20 డిగ్రీల దగ్గరకు చల్లార్చి, అప్పుడు కలపండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా బిగుసుకోలేదంటే, నా చేత మూడుసార్లు పాకం పారబోయించిన కారణం ఇదే కావచ్చు: అసలు సిరప్పే, కానీ అందులో విడిపోయిన చక్కెర ఎక్కువ. మేపుల్ చెట్టు రసంలో ఉండే తీపి దాదాపు అంతా సుక్రోజే, అంటే మన పంచదారలో ఉండే చక్కెరే. వసంతం ముదిరి పగళ్లు వేడెక్కేకొద్దీ రసంలో సూక్ష్మజీవులు పెరిగి, సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడతాయి. గులాబ్ జామున్ పాకం పంచదార కట్టకుండా మనం నిమ్మరసం పిండుతామే, అక్కడ ఆమ్లం చేసే పని ఇక్కడ సూక్ష్మజీవులు ముందే చేసిపెట్టాయన్నమాట. ఆ విడి చక్కెరలే కాచినప్పుడు రంగునూ ముదురు చేస్తాయి. సిరప్‌ను రంగునుబట్టి రకాలుగా అమ్ముతారు కాబట్టి, సాధారణంగా లేత రంగు గోల్డెన్ రకం క్రీముకు పనికొస్తుంది, డార్క్, వెరీ డార్క్ రకాలు మొండికేస్తాయి.

అయితే రంగు పూర్తి హామీ కాదు. నేను దెబ్బతిన్నది అక్కడే. లేత బంగారు రంగు చూసి నమ్మిన సీసా మూడుసార్లూ జారుడుగానే మిగిలింది. పాకం సరిగ్గా పట్టలేదేమోనని మళ్లీ మళ్లీ కాచాను. విడిపోయిన చక్కెర కాచినంత మాత్రాన తిరిగి కలవదు, పైగా ఇంకొంచెం విడిపోతుంది.

దీన్ని పట్టుకునే సాధనం చాలా ఇళ్లలో ఉంది: రక్తంలో చక్కెర చూసే గ్లూకోమీటరు. అది సుక్రోజును లెక్కించదు, గ్లూకోజునే చూపిస్తుంది. మేపుల్ రైతులు కూడా దీన్ని వాడతారు. ఒక పాలు సిరప్‌కు తొమ్మిది పాళ్లు నీళ్లు తూకం వేసి కలిపి, ఆ చుక్కను స్ట్రిప్పుకు తాకించండి. ఇదివరకు చక్కగా బిగిసిన సిరప్‌తో పోల్చి, రీడింగు తక్కువ వచ్చిన సీసానే క్రీముకు తీసుకోండి. పాతది ఒక చెంచాడు దాచుకోవడం అలవాటు చేసుకుంటే ఈ పోలిక సులువు. ఎక్కువ వచ్చినదాన్ని పారబోయకండి, కేకులకు అదే మేలు.

కేకులో మేపుల్ రుచి తెలియడం లేదనే ఫిర్యాదుకూ మందు ఇదే. గోల్డెన్ రకం సున్నితపు రుచి పిండిలో కలిసిపోతుంది, డార్క్ నిలుస్తుంది. కప్పు పంచదారకు బదులు ముప్పావు కప్పు సిరప్ పోసి, మిగతా ద్రవం మూడు టేబుల్ స్పూన్లు తగ్గించండి.

గిన్నె లోహం, గరిటె రకం, గాలిలో తేమ గురించి కూడా అడుగుతుంటారు. వాటివల్ల క్రీము చెడటం నేను దాదాపు చూడలేదు. ఇప్పటికే జారుడుగా మిగిలిన పాకం ఉంటే, కొద్దిగా నీళ్లు కలిపి వేడిచేసి, సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. పెరుగు మీదకు బాగుంటుంది.