వేట నిషేధ కాలంలో ఫైబర్ బోటు అడుగు రంగు గీకేవారికి జాగ్రత్తలు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం అమల్లో ఉండే 61 రోజుల్లోనే విశాఖ ఫిషింగ్ హార్బరులో చాలా బోట్లు మరమ్మతుకు ఒడ్డెక్కుతాయి. రోజూ ఇసుక మీదికి లాగే బోట్లకు అడుగున విషపు రంగు అవసరం పెద్దగా ఉండదు గానీ, నెలల తరబడి నీటిలోనే కట్టి ఉంచే ఫైబర్ బోటుకు యాంటీఫౌలింగ్ పెయింటు వేయకపోతే నాచు, గుల్ల పట్టి వేగం తగ్గుతుంది, డీజిలు ఖర్చు పెరుగుతుంది. కొత్త పూత వేయడం సులువైన పనే. ప్రమాదమంతా పాతది తీయడంలో ఉంది.

ఈ రంగు తయారైందే ప్రాణులు అంటుకోకుండా చేయడానికని ముందుగా గుర్తుంచుకోవాలి. ఎక్కువ రకాల్లో క్యూప్రస్ ఆక్సైడు, అంటే రాగి సమ్మేళనం ఉంటుంది. పాతకాలపు పూతల్లో ట్రైబ్యూటైల్ టిన్ అనే మరింత ఘోరమైన పదార్థం వాడేవారు. దానిని నిషేధించిన అంతర్జాతీయ ఒప్పందం 2008 సెప్టెంబరు 17న అమల్లోకి వచ్చింది. అందుచేత పలువురి చేతులు మారిన పాత బోటు కొన్నవారు, కింది పొరల్లో అది ఉందనే అనుకొని పని మొదలుపెట్టడం క్షేమం.

పొడిగా గీకవద్దు. గ్రైండరు పెట్టి పొడిగా అరగదీస్తే పని ఒక్క పూటలో తెమిలిపోతుందన్నది నిజమే, కానీ లేచిన ధూళి ఎక్కడికి పోతుందో ఆలోచించాలి. ఒకసారి మా బోటు పనికి వచ్చిన కుర్రవాడు ముఖానికి తువ్వాలు నాలుగు మడతలు వేసి కట్టుకున్నాడు. సాయంత్రం విప్పి చూస్తే ముక్కుకు ఆనిన లోపలి మడత కూడా ఇటుక రంగుకు తిరిగింది. ఆ రాత్రంతా అతడు దగ్గుతూనే ఉన్నాడు. ఆనాటి నుంచి నేను తువ్వాలును మాస్కుగా లెక్కపెట్టడం మానేశాను. ముఖానికి బిగుతుగా అతుక్కొనే, కనీసం ఎన్95 రకం మాస్కు కావాలి. రంగు కరిగించే మందు వాడేటప్పుడు అది కూడా చాలదు, ఆవిరిని ఆపే కార్ట్రిడ్జిలున్న రబ్బరు మాస్కు వేసుకోవాలి. కళ్లకు పక్కలు మూసిన అద్దాలు, చేతులకు నైట్రిల్ తొడుగులు, ఒంటికి నిండు చేతుల చొక్కా ఉండాలి. మే నెల ఉక్కపోతలో ఇవన్నీ భరించడం కష్టమే కనుక తెల్లవారగానే మొదలుపెట్టి పది గంటలకల్లా ఆపేయడం మేలు.

ఆ వేళను ఎంచుకోవడానికి మరో కారణం గాలి. ఉదయం పూట సాధారణంగా నేలగాలి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగి ఊరి వైపు కొడుతుంది. అప్పుడు గీకితే ఆ పొడి నేరుగా పేటలోని ఇళ్ల మీదికి, ఆడవాళ్లు ఎండబెట్టిన చేపల మీదికి చేరుతుంది. ఎండు చేపల మీద పడిన ధూళిని ఏ కడుగుడూ పూర్తిగా పోగొట్టదు కాబట్టి, చేపలు ఆరబోసే చోటుకు దగ్గరలో ఈ పని పెట్టుకోనే కూడదు.

తడిపి, వాటర్ పేపరుతో చేత్తో రుద్దడం, మూలలు గుండ్రంగా అరగదీసిన మొద్దు స్క్రేపరుతో పొర పొరగా లేపడం మంచి పద్ధతి. పదునైన అంచు జెల్‌కోటును, అంటే ఫైబరును కాపాడే గట్టి పై పూతను, చీలుస్తుంది. ఆ పూత మందం సుమారు అర మిల్లీమీటరే కనుక ఒక్క గాటు పడితే చాలు, నీరు ఫైబరులోకి దిగుతుంది. ఒత్తిడి గాలితో ఇసుక కొట్టడం, మంటతో కాల్చడం ఫైబరుకు పనికిరావు. కాల్చితే విషపు పొగ కూడా వస్తుంది. మిథిలీన్ క్లోరైడు ఉన్న మందు రంగుతోపాటు జెల్‌కోటునూ మెత్తబరుస్తుంది. అడుగున ప్రైమరు రంగు కనబడగానే చెయ్యి ఆపాలి. తడి నేల మీద కరెంటు యంత్రం వాడక తప్పకపోతే షాకు కొట్టగానే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ లేని ప్లగ్గులో పెట్టవద్దు.

బోటు అడుగున జెల్‌కోటు మీద పొక్కులు కనబడితే అద్దాలు లేకుండా పొడవవద్దు: లోపలి ఆమ్లద్రవం ఒత్తిడితో కంట్లోకి చిమ్ముతుంది. చిమ్మితే వెంటనే పదిహేను నిమిషాలపాటు మంచినీటి ధారతో కడిగి, ఆగకుండా విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికో (కేజీహెచ్) దగ్గరలోని కంటి వైద్యుని వద్దకో వెళ్లాలి. బోటు కిందికి దూరే ముందు మొద్దులు, ఊతకర్రలు కదలడం లేదని ఇద్దరు విడివిడిగా చూడాలి. ఊత కింద రంగు తీయాలని ఒక్క కర్రను కూడా ఒంటరిగా తప్పించవద్దు.

బోటు చుట్టూ టార్పాలిన్ పరచి, అంచులు పైకి మడిచి, రాలిన పెచ్చులను, రుద్దిన నీటిని అందులోనే పట్టాలి. ఆ నీరు హార్బరులోకి పారితే రాగి అడుగు బురదలో చేరి, అక్కడి చేప పిల్లలకు, రొయ్యలకు చేటు చేస్తుంది. నీటిని తేరనిచ్చి, మడ్డిని పెచ్చులతో కలిపి మూత ఉన్న డబ్బాలో దాచి, చెత్తకుప్పకు కాక పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికి చేర్చే ఏర్పాటు చేయాలి. నలుగురైదుగురు బోటు యజమానులు కలిస్తే ఆ రవాణా ఖర్చు పంచుకోవచ్చు. థిన్నరు తడిసిన గుడ్డలను విడిగా, నిప్పుకు దూరంగా ఉంచాలి. 2023 నవంబరులో ఇదే హార్బరులో పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయిన రాత్రిని చూసినవారికి ఆ మాట ఎక్కువగా చెప్పనక్కరలేదు.

పని మధ్యలో బీడీ, ఖైనీ, టీ ఏదీ ముట్టవద్దు. చేతులు థిన్నరుతో కాక సబ్బుతో కడిగాకే భోజనానికి కూర్చోవాలి. పని బట్టలు ఒడ్డునే విప్పి, సంచిలో కట్టి, పిల్లల బట్టలతో కలపకుండా వేరుగా ఉతకాలి.