పెద్ద కట్టడాన్ని చూడటం నేర్చుకోవాలంటే దుర్గం చెరువు దగ్గర మొదలుపెట్టండి

బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లని చాలామంది టక్కున చెప్పేస్తారు. అంత ఎత్తు ఎలా నిలబడిందని అడిగితే మాత్రం నోరు పెగలదు. ఎత్తు, ఖర్చు, ఎన్నేళ్లు పట్టింది, ఇవి ఎన్ని బట్టీ పట్టినా ఆ కట్టడం గురించి ఏమీ తెలియనట్టే. నేను పదేళ్లుగా హైదరాబాద్ సైట్లలో పనిచేస్తున్నాను. కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకు చెప్పే పద్ధతే ఇక్కడా చెప్తున్నాను, దీనికి సివిల్ చదివి ఉండక్కర్లేదు.

ముందు బరువు వెంట నడవండి. అంటే పైనున్న బరువు ఏ దారిలో దిగి నేలకు చేరుతోందో మీరు వేలితో చూపించగలగాలి. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జికి సాయంత్రం కాకుండా పొద్దున్నే వెళ్లండి, సాయంత్రమైతే లైట్లూ సెల్ఫీలూ తప్ప ఇంకేమీ కనపడవు. అక్కడ బండి బరువు డెక్ మీద, అంటే బండ్లు నడిచే పలక మీద పడుతుంది, డెక్‌ను కేబుళ్లు పట్టుకున్నాయి, కేబుళ్ల లాగుడంతా పైలాన్ మీదకు, అంటే వాటిని మోసే నిలువు స్తంభం మీదకు వెళ్లి అక్కణ్నుంచి పునాదిలోకి దిగుతుంది. పైలాన్లు పొట్టిగా, కేబుళ్లు బాగా వాలుగా ఉన్నాయి కదా, అందుకే డెక్ కూడా గట్టిగా ఉండి కొంత బరువు తనే మోస్తుంది. ఈ రకాన్ని ఎక్స్‌ట్రాడోస్డ్ బ్రిడ్జి అంటారు. ఇది అర్థమయ్యాక అమెరికాలోని గోల్డెన్ గేట్ బ్రిడ్జి ఫోటో తీసి చూడండి. రెండు టవర్ల మధ్య 1280 మీటర్లు, అందరి కళ్లూ ఆ టవర్ల మీదే ఉంటాయి. మీరు మాత్రం రెండు చివర్లూ చూడండి, ఆ పెద్ద కేబుళ్లను పట్టి ఉంచే కాంక్రీటు దిమ్మలు అక్కడున్నాయి, అవి వదిలేస్తే టవర్లు ఎంత గట్టివైనా లాభం లేదు.

బుర్జ్ ఖలీఫాను పైనుంచి చూస్తే ఇంగ్లిష్ వై అక్షరంలా ఉంటుంది. మూడు రెక్కలు మధ్యలోని కోర్‌కు, అంటే గట్టి నడిమి భాగానికి ఆసరా, ఆ కోర్ మళ్లీ రెక్కలు మెలి తిరగకుండా పట్టుకుంటుంది. పైకి పోయేకొద్దీ రెక్కలు మెట్లుమెట్లుగా తగ్గుతాయి, అది అందం కోసమే అనుకోకండి. ఆకారం మారుతూ పోతుంటే గాలి ఒకే లయలో భవనాన్ని ఊపలేదు.

రెండోది నాకు అన్నింటికంటే ఇష్టమైన ప్రశ్న: సగం కట్టినప్పుడు అది ఎలా నిలబడింది? మనింటి స్లాబ్‌కైతే కింద సెంట్రింగ్ ఉంటుంది, కాంక్రీటుకు బలం వచ్చేదాకా బరువంతా అదే మోస్తుంది. మరి ఇటలీలోని ఫ్లోరెన్స్ కేథడ్రల్ (పెద్ద చర్చి) గుమ్మటానికి? అంత వెడల్పుకు, అంత ఎత్తున, కింది నుంచి సెంట్రింగ్ కట్టాలంటే అడవంత కలప కావాలి. దాన్ని కట్టిన బ్రునెలెస్కీ 1420లో పని మొదలుపెట్టి, అది లేకుండానే 1436 కల్లా గుమ్మటం మూసేశాడు. అడ్డంగా పేర్చిన ఇటుకల మధ్య అక్కడక్కడా నిలువు ఇటుకలు దించి, ఆరని సున్నం మీద నుంచి ఇటుక జారకుండా పట్టు దొరికించాడు, వరస పూర్తయితే చాలు, అది తనను తానే మోసుకునేది. ఏ తాపీ మేస్త్రీకైనా ఈ సంగతి చెప్పి చూడండి, రెండు నిమిషాలు పని ఆపి వింటాడు.

ఇలాంటిది కళ్లారా చూడాలంటే కుతుబ్ షాహీ సమాధుల్లోకి వెళ్లి తల పైకెత్తండి. చతురస్రపు గది మూలలు ఎక్కడ మొదలై, ఎలా వంగి, గుండ్రటి గుమ్మటంలో కలిశాయో చూస్తూ ఉండండి. ఇంకా ఆసక్తి ఉంటే బీజాపూర్ గోల్ గుంబజ్ మనకు దూరమేమీ కాదు. లోపల గుమ్మటం దాదాపు 38 మీటర్ల వెడల్పు, ఒకదాన్నొకటి కోసుకుంటూ వెళ్లే కమానుల మీద ఆ గుమ్మటం మొత్తం కూర్చుంది. ఏ కట్టడమైనా పూర్తయ్యాక తీసిన ఫోటోలకంటే కడుతున్నప్పటి ఫోటోలే వెతకండి, అసలు తెలివంతా వాటిల్లోనే కనిపిస్తుంది.

మూడోది వేడి, ఆ సంగతి క్లుప్తంగా చెప్తాను. స్లాబ్ వేసిన మర్నాడు చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, సిమెంటు నీళ్లతో కలిస్తే వేడి పుడుతుంది కాబట్టి. మనం గట్లు కట్టి నీళ్లు నిలుపుతాం, అది కాంక్రీటు తడారిపోకుండా. అమెరికాలోని హూవర్ డ్యామ్ లాంటి కొండంత కాంక్రీటును ఒకేసారి పోస్తే చల్లబడటానికి వందేళ్లకు పైగా పట్టేదని లెక్కేశారు, పగుళ్లు సరేసరి. అందుకే దిమ్మలు దిమ్మలుగా పోసి, లోపల పైపులు పెట్టి చల్లటి నీళ్లు తిప్పారు.

చివరగా, ఏది విఫలమైందో, ఎవరు పోయారో కూడా తప్పకుండా చదవండి. హుస్సేన్ సాగర్ బుద్ధుడి చుట్టూ పడవలో తిరిగేవాళ్లలో చాలామందికి, 1990లో ఆ విగ్రహాన్ని తరలిస్తుంటే నీటిలో పడిపోయిందనీ, మనుషులు చనిపోయారనీ, మళ్లీ పైకి తీసి 1992లో నిలబెట్టారనీ తెలియదు. కెనడాలోని క్యూబెక్ బ్రిడ్జి 1907లో కడుతుండగానే కూలి 75 మంది పోయారు. గోల్డెన్ గేట్ కింద పనివాళ్ల కోసం వల కట్టించారు, అది 19 మందిని కాపాడింది. 1937లో పరంజా తెగి మీద పడి ఆ వలనే చింపేస్తే 10 మంది పోయారు. మా సైట్లో స్లాబ్ అంచున వల ఎందుకు, ఖర్చు దండగ అన్నప్పుడల్లా నేను ఈ రెండు అంకెలూ చెప్తాను. ఈసారి కోకాపేట వైపు వెళ్తే లేస్తున్న టవర్ ఎన్ని అంతస్తులో తర్వాత లెక్కపెట్టొచ్చు, ముందు అంచుల్లో వల ఉందో లేదో చూడండి.