రౌటర్‌కి పోర్టులు చాలకపోతే స్విచ్ పెట్టడం ఎలా? దాని లైట్లు చూడడం ఎలా?

స్విచ్ అంటే రౌటర్ నుంచి వచ్చే ఒక్క నెట్ కేబుల్‌ని చాలా పోర్టులకి పంచే పరికరం. ఎనిమిది పోర్టుల గిగాబిట్ (అంటే 1000 ఎంబీపీఎస్ వేగం) స్విచ్ కొనండి. ఐదు పోర్టులది వద్దు. రౌటర్ నుంచి వచ్చే కేబులే ఒకటి తినేస్తుంది, ఇక మిగిలేవి నాలుగు. బాడీ మెటల్‌దే ఉండాలి, నా దగ్గర ప్లాస్టిక్ మాట ఎత్తకండి.

"పాత రౌటర్ మూలన పడి ఉంది, అదే వాడేస్తాం" అంటారు చాలామంది. దాంట్లో డీహెచ్‌సీపీ, అంటే ప్రతి పరికరానికీ ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాని నంబరు) ఇచ్చే పని, ఆపడం మర్చిపోతారు. రెండు రౌటర్లూ ఐపీ అడ్రసులు పంచడం మొదలుపెట్టాక, నెట్ ఎందుకు వచ్చిపోతోందో ఎవరికీ అంతుపట్టదు. స్విచ్‌తో ఆ గొడవే లేదు.

దాంతోపాటు వచ్చిన అడాప్టరే పెట్టండి. రౌటర్ లాన్ పోర్టు (ఇంట్లో పరికరాలు తగిలించేది) నుంచి స్విచ్‌లో ఏదో ఒక పోర్టుకి కేబుల్ ఇవ్వండి. మిగతావాటికి టీవీ, కంప్యూటర్, సీసీ కెమెరాల డీవీఆర్ తగిలించండి. సెట్టింగులేమీ ఉండవు.

అసలు పని ఇప్పుడే. అందరూ ఇక్కడే లేచి వెళ్లిపోతారు.

పోర్టు లైటు వెలిగి ఉంటే లింక్ ఉన్నట్టు, మిణుకుమిణుకుమంటే డేటా నడుస్తున్నట్టు. రంగు సంగతి మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. చాలావాటిలో ఆకుపచ్చ అంటే 1000, నారింజ అంటే 100 ఎంబీపీఎస్. కొన్నింటిలో తిరగబడి ఉంటుంది. డబ్బా మీదో, లైట్ల పక్కనో రాసి ఉంటుంది, చదవండి. నారింజ కనబడగానే పాడైందని తిప్పి పంపేయకండి.

1000 రావాల్సిన చోట 100 చూపిస్తుంటే ముందు అవతలి పరికరాన్ని చూడండి. చాలా స్మార్ట్ టీవీల్లో ఉండే లాన్ పోర్టే 100ది, దానికి స్విచ్ ఏం చేస్తుంది? అదే కేబుల్‌ని గిగాబిట్ లాప్‌టాప్‌కి పెట్టినా 100 దగ్గరే ఆగితే తప్పు కేబుల్‌దే. కేబుల్ లోపల ఎనిమిది వైర్లు, జతలు జతలుగా ఉంటాయి. వందకి నాలుగు వైర్లు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక్క వైరు సరిగ్గా తగలకపోయినా నెట్ నడుస్తూనే ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. స్పీడ్ టెస్ట్ 94 దగ్గర ఆగిపోతుంటే నెట్ కనెక్షన్ ఇచ్చినవాణ్ని తిడుతూ కూర్చుంటారు.

కేబుల్ కొసన ఉన్న కనెక్టర్ కోసేసి కొత్తది క్రింప్ చేయండి, అంటే క్రింపింగ్ టూల్‌తో నొక్కి బిగించండి. వరస ఇదీ: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివరలా ఇదే వరస. ఆకుపచ్చ జతని విడదీసి, నీలాన్ని మధ్యలో పెట్టడం చూడ్డానికి తప్పులా ఉంటుంది, కానీ అదే సరైనది. "నీట్‌గా ఉంటుంది" అని జతలన్నీ పక్కపక్కన పెట్టేవాళ్ల కేబుళ్లు ఎన్ని కోసి పారేశానో. అలా చేస్తే చిన్న కేబుల్ ఎలాగో నడిచిపోతుంది, దూరం పెరిగేకొద్దీ మొండికేస్తుంది.

అన్ని లైట్లూ ఒక్కసారే పిచ్చెక్కినట్టు కొట్టుకుంటూ ఇంట్లో నెట్ మొత్తం పడిపోయిందా? ఒకే కేబుల్ రెండు కొసలూ స్విచ్‌లోనే గుచ్చి ఉంటారు. ఒక దుకాణంలో ఊడ్చే అబ్బాయి, వేలాడుతున్న కొసని చూసి పాపం సర్దేశాడు. గంటసేపు వెతికాం. అలాంటప్పుడు కేబుళ్లన్నీ పీకేసి, లైట్లు చూసుకుంటూ ఒక్కొక్కటే మళ్లీ పెట్టండి.