రాణి ఎవరి దగ్గరుందో వేలంలోనే వెతకాలి

బ్రిడ్జి పేకాటలో, తురుపులో మనకూ మన జోడీకీ కలిపి 9 ముక్కలుండి రాణి మాత్రం లేనప్పుడు, ఆసునూ రాజునూ వరుసగా వేసి దాన్ని పడగొట్టాలన్న సూత్రం ప్రత్యర్థులు వేలంలో (ఏ రంగు తురుపుగా ఎన్ని పట్లు గెలుస్తామో పలికే దశలో) నోరు మెదపనప్పుడే వర్తిస్తుంది. అప్పుడైనా పడగొట్టడం వైపు మొగ్గు 12కు 11, అంటే వెంట్రుకవాసి తేడా.

కిందటి ఆదివారం మారేడ్‌పల్లిలో మిత్రుల ఇంట నాలుగు ఇస్పేట్ల ఆటను (ఇస్పేటు తురుపుగా పది పట్లు గెలవాల్సినది) ఆ సూత్రం నమ్మే పోగొట్టుకున్నాను. నా చేతిలో ఆసు, జాకీ, డమ్మీలో, అంటే బల్ల మీద పరిచిన నా జోడీ చేతిలో, రాజు. ఎడమవైపు పెద్దాయన మూడు ఆఠీన్లతో వేలం తెరిచారు. అలా తెరిచేది మామూలుగా ఆ రంగు పొడవుగా ఉన్నప్పుడే కనుక ఆయనకు 7 ఆఠీన్లు ఉన్నాయనుకోవచ్చు. మాకు 4 ఉన్నందున కుడివైపు మిగిలినవి 2. అంటే ఆఠీను కాని ముక్కలకు ఆయన చేతిలో 6 ఖాళీలు, కుడి చేతిలో 11. రాజు మీద ఇద్దరూ చిన్న ముక్కలే వేశారు. డమ్మీ నుంచి మళ్ళీ ఇస్పేటు ఆడితే కుడివైపున ఇంకొక చిన్నది పడింది. అప్పటికి ఖాళీలు ఎడమవైపు 5, కుడివైపు 9, అంటే రాణి కుడివైపు ఉండే అవకాశమే ఎక్కువ. జాకీతో ఫినెస్ చేయవలసిన చోట (రాణి కుడివైపే ఉందని నమ్మి, ఆసును దాచి జాకీ వేయవలసిన చోట), అలవాటుకొద్దీ, ఆసు వేశాను.

ఈ లెక్క తొలి తురుపు ఆడకముందే చేసుకోవాలి, ఎందుకంటే ముందుగా ఆసు వేసేస్తే కుడివైపు రాణిని పట్టే దారి మూసుకుపోతుంది.