డిమెన్షియా ఉన్న పెద్దలతో లాల్‌బాగ్‌లో నడవాలంటే

"నన్ను గుర్తుపట్టారా?" అని మాత్రం అడగకండి. కొత్తగా వచ్చే వాలంటీర్లకు నేను మొదట చెప్పేది ఇదే. మీరు ప్రేమగానే అడుగుతారు, డిమెన్షియా అంటే మతిమరుపు జబ్బు ఉన్న పెద్దలకది పరీక్ష. వెనక నుంచి భుజం తట్టకుండా ఎదురుగా వెళ్లి, "నమస్కారం పెద్దాయనా, నేను పద్మని, ఇవాళ మీతో నడుస్తాను" అని మీరే చెప్పేయండి. కాసేపటికి మళ్లీ చెప్పాల్సొస్తుంది. విసుక్కోకుండా చెప్పండి.

బెంగళూరులో తెలుగు వచ్చిన వాలంటీర్లకు పని బాగానే ఉంటుంది. ఏళ్ల తరబడి కన్నడ, ఇంగ్లీషు మాట్లాడినవాళ్లు కూడా జబ్బు ముదిరేకొద్దీ చిన్ననాటి భాషకు వెళ్లిపోవడం మామూలే. ఇంట్లో ఏమని పిలుస్తారో ముందే కనుక్కోండి. హిందూపురం వైపు పెద్దావిడని మేడమ్ అంటే పలకదు, "జేజీ" అంటే తల తిప్పి చూస్తుంది.

ఉదయం ఎనిమిదీ పది మధ్య వెళ్లండి. పొద్దు వాలేకొద్దీ చాలామందికి కంగారు పెరుగుతుంది, అందుకే సాయంత్రాలు వద్దు. ఆదివారాలు, ఆగస్టు, జనవరి ఫ్లవర్ షో రోజులు అసలొద్దు. తోట 240 ఎకరాలు, అంతా చూపించాలని టెన్షన్ పడకండి. ఒక చెట్టు, ఒక బెంచీ, దగ్గర్లో టాయిలెట్ ఉంటే చాలు. కెంపేగౌడ గోపురం ఉన్న బండ ఎక్కించే ఉత్సాహం వద్దు, కింద నుంచే చూపించండి. దారి మీద పడే నల్లటి నీడ కొందరికి గుంటలా కనిపిస్తుంది. టక్కున ఆగిపోతే చెయ్యి లాగకండి, పక్కనుంచి తీసుకెళ్లండి.

చేతికి పని ఇవ్వడం అన్నిటికంటే ముఖ్యం. తోటలో ఆకులు, పూలు కోయకూడదు కాబట్టి మరువం, దవనం, కరివేపాకు ఇంటి నుంచే తెచ్చుకుంటాను. గన్నేరు లాంటి విషపు మొక్కల దగ్గర మాత్రం జాగ్రత్త, నోట్లో పెట్టుకునేవాళ్లుంటారు. కార్తీకంలో బసవనగుడి కడలెకాయి పరిషె, అంటే వేరుశనక్కాయల జాతర రోజుల్లో, కాయలు తెస్తాను. ఆ జనంలోకి మాత్రం వీళ్లను తీసుకెళ్లను. అనంతపురం పెద్దాయన ఒకరున్నారు, ఎప్పుడూ ముభావంగా ఉంటారు. కాయ చేతికిస్తే చెవి దగ్గర ఆడించి, "ఇది లొట్టది" అని పక్కన పడేశారు. ఇంకోటి బొటనవేలితో నొక్కి ఒలిచి, గింజ మీది పొట్టు ఊది, నా చేతిలో పెట్టారు. ఆ సంవత్సరం వాన ఎప్పుడు పడిందని నన్నే అడిగారు. తినిపించే ముందు మాత్రం మింగడంలో ఇబ్బంది ఉందేమో ఇంటివాళ్లను అడగాలి.

"ఊరికి పోవాలి, బస్సు టైమైంది" అంటారు. ఊళ్లో ఎవరూ లేరని వాదించకండి. "ఊళ్లో బావి దగ్గర ఏ చెట్టుండేది?" అని అడిగి నడక సాగించండి. కబుర్లలో పడితే తొందర కాస్త తగ్గుతుంది.

పేరు, ఇంటి ఫోన్ నంబరు రాసిన చీటీ జేబులో ఉండాలి. ఒకరికి ఒక వాలంటీరు, అంతే. ఎవరైనా కనపడకపోతే మీలో మీరు వెతుక్కుంటూ ఆలస్యం చేయకుండా గేటు దగ్గర గార్డుకు, 112కి వెంటనే చెప్పండి.

తిరిగి అప్పగించేటప్పుడు "ఇవాళ బాగా గుర్తుపట్టారు" లాంటి రిపోర్టులు వద్దు. ఎన్ని నీళ్లు తాగారు, ఎక్కడ తూలారు, టాయిలెట్‌కి వెళ్లారా అన్నవి ఇంటివాళ్లకు చెప్పండి. ఫొటోలు ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే తీయండి.